కెనడా కోటు

పార్సిల్ అని ఎవరైనా అనగానే నా నోట వచ్చే మొదటి మాట, బరువెంత అని. పదమూడేళ్లుగా విజయనగరం ఆర్టీసీ బస్సు కాంప్లెక్సు ఎదురుగా ఒక ప్రైవేటు పార్సిల్ ఆఫీసులో కౌంటరు నాదే. మామిడిపళ్ల బుట్ట కానీండి, నీళ్ల మోటారు కానీండి, శుభలేఖల కట్ట కానీండి, కాటా ఎక్కకుండా ఏదీ గడప దాటదు. బరువు లేని పార్సిలు ఈ భూమ్మీద లేదు. అలాంటిది నా సొంత మేనత్త దానమ్మ, బరువు లేని పెట్టెకి ముప్పై రెండు వేలు కట్టింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అత్త మీద కాదు. ఎవరి మీదో చెప్తాను.

రెండువేల పదిహేడు మార్చిలో ఒక మంగళవారం మధ్యాహ్నం. అత్త నెల్లిమర్ల బస్సు దిగి, గొడుగు ముడుచుకుంటూ నేరుగా మా ఆఫీసుకి వచ్చింది. చేతిసంచిని గుండెకి అదుముకుని ఉంది.

"ఒసే షీబా, ఢిల్లీ నుంచి పెట్టి వస్తే మీ ఆఫీసుకే వస్తాదేటే?"

"ఏం పెట్టత్తా?"

"కెనడా పెట్టి. శానా పెద్దదట. ఆటోలో పడతాదో, వేను మాటాడుకోవాలో నిన్నడుగుదామని వచ్చినాను."

"బరువెంత?"

"బరువు సెప్పనేదు."

"రసీదు నంబరు?"

"అదీ సెప్పనేదు. కస్టమ్స్ ఆఫీసరు ఫోన్ సేసినాడే. మొన్న ముప్పై రెండు వేలు కట్టీసినాను. ఇప్పుడు పెట్టిలో డాలర్లున్నాయంట. ఇంకో నలభై వేలు కడితేగానీ ఒగ్గరట. బేంకుకే ఎల్తన్నాను."

చేతిలో మార్కరు పెన్ను కౌంటరు మీద పడేశాను. కౌంటరు తలుపు తీసి అత్తని లోపలికి లాక్కొచ్చి కుర్చీలో కూలేశాను.

ఆ డబ్బు అత్తది కాదు. మా చర్చి ఆడవాళ్లది. మా పేటలో ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లు వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం గుడ్డసంచిలో చర్చికి తెస్తారు. అలా పోగైన బియ్యాన్ని అమ్మి దాచిన డబ్బు అది. దేనికంటే, చర్చి ఆవరణలో ఆడవాళ్లకో మరుగుదొడ్డి కట్టడానికి. మగపెద్దలు గేటుకి కమాను కట్టించారు, గోపురానికి రెండుసార్లు రంగులేయించారు, నాలుగు పెద్ద స్పీకర్లు కొన్నారు. గది మాటెత్తితే మాత్రం "చూద్దాం" అనేవారు. కోశాధికారి కాంతమ్మకి షుగరు. ఆదివారం ఆరాధనలో లేవాల్సి వస్తుందని ఆవిడ శనివారం సాయంత్రం నుంచే మంచినీళ్లు మానేస్తుంది. ఇది చూడలేక, స్త్రీల సమాజం అధ్యక్షురాలైన మా అత్త, మన గది మనమే కట్టుకుందామని ఏడేళ్ల కిందట ఈ పిడికిళ్లు మొదలుపెట్టింది. డబ్బు రేకుపెట్టెలో ఉండేది. నోట్లు రద్దు చేసినప్పుడు కంగారుగా తీసుకెళ్లి అత్త పేరునే బేంకులో వేశారు.

"ఎవరు పంపుతున్నారత్తా ఆ పెట్టి?" అన్నాను, అరవకుండా ఉండటానికి నానా తంటాలు పడుతూ.

అత్త ఫోను తీసి చూపించింది. ఎవరో సిస్టర్ గ్రేస్. బంగారురంగు జుట్టు, తెల్ల గౌను, పక్కన క్రిస్మస్ చెట్టు. మీ సంఘం గురించి చదివాను, మీ స్త్రీల కోసం దుప్పట్లు, మందులు, గది కట్టడానికి కొంత కానుక పంపుతున్నాను, ఎవరికీ చెప్పకండి, పెట్టె తెరిచాక అందరూ సంతోషించాలి అని పొడుగాటి తెలుగు. ఆ తెలుగు ఏ యంత్రంలోంచి ఊడిపడిందోగానీ "ప్రియమైన దానమ్మ మీరు ఎలా ఉంది" అని మొదలైంది.

"దీన్ని నమ్మీసినావా అత్తా?"

"ఎందుకు నమ్మకూడదే?" అంది అత్త, నాకంటే గట్టిగా. "కెనడా నుంచి పెట్టిలు రానేదా? నీకు తొడిగిన మొదటి సొక్కా ఏ పెట్టిలోదే?"

అదీ కెనడా పెట్టెలోదే. అత్త పద్దెనిమిదో ఏట కెనడా మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేరింది. ఆ రోజుల్లో ఏటా కెనడా నుంచి పెట్టెలు వచ్చేవి. అక్కడి చర్చిల ఆడవాళ్లు పాత దుప్పట్లు చింపి చుట్టిన కట్టుగుడ్డలు, ముక్కలు అతికి కుట్టిన బొంతలు, పసిపిల్లల చొక్కాలు, వెనక రాసిన సగం కత్తిరించేసిన క్రిస్మస్ కార్డులు. ఒకసారి పెద్ద నర్సు మిస్సమ్మ అత్తని తోడు తీసుకుని విశాఖపట్నం రేవుకి వెళ్లింది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చుని, సుంకం కట్టి, ముద్ర వేయించుకుని, పెట్టెలు విడిపించుకొచ్చారు. మా పేటలో కస్టమ్స్ అనే మాట తెలిసిన ఆడమనిషి మా అత్త ఒక్కతే. ఆ తెలిసుండటమే ఆమె కొంప ముంచింది. తెలియని వాళ్లెవరైనా అయితే, కెనడా వాళ్లు నాకెందుకు పంపుతారని ఫోను పెట్టేసేవారు.

"మరి మిస్సమ్మ సుంకం ఎవరికి కట్టినాదత్తా?"

"ఆఫీసులో కట్టినాది. సర్కారు రసీదిచ్చినారు."

"నువ్వెవరికి కట్టినావు?"

అత్త సంచిలోంచి బేంకు చీటీ తీసింది. అందులో ఉన్నది ఎవడో ఒక మగమనిషి పేరు, సేవింగ్స్ ఖాతా. అత్త ఆ చీటీని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. "ఈడెవడే?" అంది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఆఫీసరుగారే. నేను తీశాను. నమస్కారం సార్, పార్సిల్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను, పెట్టె బరువు చెప్పండి అన్నాను. తడుముకున్నాడు. యాభై కిలోలన్నాడు. పొడవెంత, వెడల్పెంత, ఏ విమానంలో దిగింది, రసీదు నంబరెంత? నువ్వెవరన్నాడు. పన్ను ఎవడో మనిషి సొంత ఖాతాలో ఎందుకు వేయించుకున్నారు, సర్కారుకి ఖాతా లేదా అని నేను అడిగాను. అప్పుడు మొదలెట్టాడు. డాలర్లు తెప్పించుకోవడం నేరం, సాయంత్రం అయిదులోగా కట్టకపోతే ముసలిదాన్ని అరెస్టు చేయిస్తాను అన్నాడు. డెబ్బై రెండేళ్ల మనిషి, ఆసుపత్రిలో ఎందరి మలమూత్రాలో ఎత్తిన మనిషి, అరెస్టట! నేనన్న మాటలు ఇక్కడ రాస్తే బాగోదు. మా హమాలీ నూకయ్య మూట దించి మరీ విన్నాడు.

ఆ మధ్యాహ్నమే బేంకుకి వెళ్లాం, పోలీస్ స్టేషనుకి వెళ్లాం. డబ్బు పడిన గంటలోపే ఎక్కడో మూడు రాష్ట్రాల అవతల ఏటీఎంలో తీసేశారు. స్టేషన్లో ఫిర్యాదు కాగితం రాయించుకున్నారు. వెళ్లిన ప్రతిచోటా అత్తని ఒకే ప్రశ్న వేశారు. "ఎందుకు కట్టావమ్మా?" దొంగతనం చేసినవాణ్ణి ఎందుకు చేశావని అడగటానికి వాడు దొరకడు. దొరికేది మా అత్త. అందుకని ఆమెనే అడుగుతారు. అడిగిన ప్రతిసారీ ఆమె తల ఇంకాస్త కిందికి దిగింది.

అత్త ఇంటికొచ్చేసరికి చర్చి కార్యదర్శి రాబర్ట్ మేష్టారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. రిటైరైన హెడ్మాస్టరు. ఇస్త్రీ మడత చెదరని మనిషి. బేంకులో మమ్మల్ని చూసిన వాళ్లెవరో అప్పుడే చెప్పేశారు.

"జరిగిందేదో జరిగిపోయింది, అప్పా," అన్నారు మెత్తగా, సొంత అక్కని పిలిచినట్టు. "నలుగురికీ తెలిస్తే సంఘం పరువేం కావాలి? ఆదివారం నువ్వు ఆరోగ్యం బాగోలేదని రాజీనామా ఇచ్చేయ్. మిగిలిన డబ్బు సంఘం ఖాతాలో వేసేద్దాం. నేను చూసుకుంటాను. ఈ సంగతి మాత్రం ఎక్కడా అనకు."

జేబులోంచి కాగితం తీశారు. రాజీనామా రాసుకునే వచ్చారు! ముత్యాల్లాంటి అక్షరాలు. సంతకం పెట్టడమే తరువాయి.

నాకు సర్రున కోపమొచ్చింది. మిగిలిన డబ్బు సంఘం ఖాతాలోకి వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. గోపురానికి మూడోసారి రంగు. ఆడవాళ్ల గది ఇక ఈ జన్మకి లేవదు.

అత్త ఆ కాగితం తీసుకుని చదివింది. "బాబూ, నాకొక్కటే అర్థం కానేదు," అంది. "నేను కట్టకముందు నిన్నడిగినాను కదా. నీ పెట్టి వచ్చినాదని సెప్పినావు. నీది వచ్చి నాది రాకపోడమేటి?"

మేష్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అది వేరే విషయం అప్పా," అని లేచి వెళ్లిపోయారు.

"ఆయనకేం పెట్టి వచ్చినాదత్తా?" అన్నాను.

"అదేటే, క్రిస్మస్‌కి కోటేసుకుని రానేదా? ఆ కెనడా సిస్టరు పంపిందే. ఆ కోటు సూసే కదా నేను నమ్మినాను. కట్టే ముందు ఎందుకైనా మంచిదని ఇంటికెళ్లి అడిగినాను కూడాను. కాస్త ఆలీసమైనా వచ్చిందప్పా అన్నాడు."

బూడిదరంగు కోటు. అవును, మొన్న క్రిస్మస్‌కి చెమటలు కారుతున్నా విప్పలేదాయన. అంతకు ముందు నవంబరులోనే, కెనడా నుంచి తనకి కానుక వస్తోందని ఆదివారం ప్రకటనల్లో చెప్పుకున్నారు కూడా. ఆ కోటు చూసి, తమకే వచ్చినంత సంబరపడ్డారు జనం. నాకు మాత్రం ఇప్పుడు ఇంకేదో గుర్తొస్తోంది. తెల్లగుడ్డ చుట్టి దబ్బనంతో కుట్టిన కట్ట. నా కాటా. నా కౌంటరు.

మర్నాడు ఆఫీసుకి వెళ్లగానే డిసెంబరు డెలివరీ పుస్తకం తీశాను. పంతొమ్మిదో తేదీ. విశాఖపట్నం నుంచి. రెడీమేడ్ బట్టల షాపు. బరువు రెండు కిలోల నాలుగు వందలు. అందుకున్నవారు: కె. రాబర్ట్. అదే ముత్యాల్లాంటి సంతకం. ఆ వరస మళ్లీ మళ్లీ చదివాను. ఇద్దరు ముగ్గురు కౌంటరు తట్టి తట్టి విసుక్కున్నారు.

ఆ పేజీ జిరాక్సు తీసుకుని శనివారం మేష్టారి ఇంటికి వెళ్లాను. ఆయన భార్య బేబీ గారు టీ పెడతానని లోపలికి వెళ్లారు. నేను కాగితం ఆయన ఒళ్లో పెట్టాను. చదివి, వంటింటి వైపు చూశారు.

"బేబీకి తెలీదమ్మా. యాభై వేలు కట్టాను. నాకు వస్తోందని అందరికీ చెప్పుకున్నానాయె. రాకపోతే నవ్వుతారని..."

"అందుకని కొనుక్కొచ్చుకున్నారు. బాగుంది. మరి మా అత్త వచ్చి అడిగిన రోజైనా చెప్పాలి కదా మేష్టారూ?"

"నోరు రాలేదమ్మా. ముప్పై ఏళ్లు పిల్లలకి బుద్ధులు చెప్పినవాణ్ణి."

మోసపోయినందుకు నాకు ఆయన మీద జాలే. ఎవరైనా మోసపోతారు. మా చర్చి కుర్రాడు శాంతికుమార్ వార్షికోత్సవం కరపత్రాన్ని ఫేస్‌బుక్కులో పెట్టాడు. అందులో కార్యదర్శి, అధ్యక్షురాలు, కోశాధికారి పేర్లూ ఫోను నంబర్లూ వరసగా ఉన్నాయి. దొంగవెధవలు ఆ వరసలోనే తగులుకున్నారు. అది ఆయన తప్పు కాదు. కానీ అత్త గడపలోకొచ్చి అడిగితే, ఆమెని చూస్తూ చూస్తూ గోతిలోకి పంపి, పైగా పరువు కోసం రాజీనామా రాసుకొస్తారా? ఆ దొంగకి మా పేటలో జీతం లేకుండా పనిచేసిన మనిషి ఈయన.

"రేపు మీరే చెప్పండి," అన్నాను. "మీరు చెప్పకపోతే ఈ కాగితం నేను చదువుతాను."

టీ తాగకుండా వచ్చేశాను. అత్తకి చెప్పలేదు. ఆయనకి ఆ ఒక్క రాత్రీ వదిలాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనల వేళ మేష్టారు లేచి, "దానమ్మ గారు ఒక మనవి చేసుకుంటారు," అని కూర్చున్నారు. అంతే. ఇంకో ముక్క లేదు. నా బైబిల్లో జిరాక్సు కాగితం ఉంది. నా చెయ్యి దాని మీదే ఉంది.

అత్త ముందుకెళ్లి ఆ రాజీనామా విప్పింది. ఒకసారి చదువుకుంది. తలెత్తింది.

"దీంట్లో నా ఆరోగ్యం బాగోనేదని ఉన్నాది. అబద్ధం. నా ఆరోగ్యం బాగానే ఉన్నాది. నేను మోసపోయినాను. మీ బియ్యం డబ్బులు ముప్పై రెండు వేలు పోగొట్టినాను."

చర్చిలో గుసగుసలు లేచాయి. అత్త ఆగలేదు. ఫోటో ఎలా ఉందో, ఆ తెలుగు ఎలా ఉందో, ఎవరికీ చెప్పొద్దని ఎలా అన్నారో, ఇవాళే కట్టాలని ఎలా తొందరపెట్టారో, అరెస్టని ఎలా బెదిరించారో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. "సర్కారు సుంకం సర్కారుకే కట్టాల. మనిషి పేరున కట్టమన్నాడంటే ఆడు దొంగ. బరువు సెప్పనేడంటే అక్కడ పెట్టి నేదు. ఇది నాకు ఆలీసంగా తెలిసినాది. మీరు ముందే తెలుసుకోండి. పోయింది నా పింఛనులోంచి నెలనెలా కడతాను."

అప్పుడు కాంతమ్మ లేచింది. షుగరు మనిషి, నిలబడటానికి ముందు బెంచీ పట్టుకుంది.

"అలగంటావేటి, దానమ్మప్పా? నాకూ ఫోనొచ్చినాది. నువ్వు కొంచెమే కట్టినావేమో, అందుకే రానేదేమో. రాబర్టు మేష్టారికి వచ్చినాది కదా, కోటు అందరం సూసినాం కదా! అన్నీ దొంగవైతే ఆ కోటెలగొచ్చినాది? నేను రేపు సెవుల దుద్దులు తాకట్టెట్టి కడదామనుకుంతన్నాను."

అత్త అంత చెప్పినా, ఆ కోటు ఇంకా తిరుగుతూనే ఉంది! నేను లేచాను. కాగితం తీశాను. మగవాళ్ల వైపు మొదటి బెంచీలో మేష్టారు నన్ను చూశారు. తర్వాత కాంతమ్మ చెవుల వైపు చూశారు. ఆవిడ అక్షరాలు నేర్చుకున్నది ఆయన రాత్రిబడిలోనే.

ఆయన లేచారు.

"కట్టొద్దు కాంతం," అన్నారు. "నాది రాలేదు. ఏ పెట్టే రాలేదు. యాభై వేలు పోయాయి. ఆ కోటు వైజాగులో కొన్నాను."

కాంతమ్మ జాకెట్లోంచి చిన్న చీటీ తీసి, దాని మీద రాసుకున్న ఖాతా పేరు పైకి చదివింది. అత్త చీటీలో ఉన్న పేరే. చదివి, బెంచీ మీద కూలబడి, రెండు చేతులతో దుద్దులు పట్టుకుని ఏడ్చింది. నేను నా కాగితాన్ని మళ్లీ బైబిల్లో పెట్టేశాను.

అత్త మేష్టారి దగ్గరికి నడిచింది. ఆయన తలవంచుకుని నిలబడి ఉన్నారు. అరుస్తుందనుకున్నాను. అరవాలనే కోరుకున్నాను. అత్త అరవలేదు.

"బాబూ, ఈ ముక్క నేను మీ ఇంటికొచ్చి అడిగిన రోజున సెప్పుంటే, ఈ పాటికి ఆడోళ్ల గదికి పునాది పడిపోయుండేది," అంది. తర్వాత రాజీనామా కాగితాన్ని మడత పెట్టి ఆయన చేతిలో పెట్టింది. "నువ్వు రాసిందే. అచ్చరాలు బాగున్నాయి. కింద పేరొక్కటీ మార్చుకో, సాలు."

మేష్టారు చొక్కా జేబు తడుముకున్నారు. పెన్ను లేదు. ఆడవాళ్ల వైపు మూడో బెంచీలోంచి బేబీ గారు లేచారు. ఎవరి వైపూ చూడకుండా నడిచొచ్చి, తన చేతిసంచి తెరిచి, పెన్ను తీసి, ఆయనకిచ్చారు.